కొండరైలుకు నలుగురు

కోవిల్‌పట్టి,
1933 ఫిబ్రవరి 20

చిరంజీవి దామోదరసామికి నాయన దీవించి రాసేది.

ఇక్కడ అందరం బాగున్నాం. అందరం అంటే నేను, నిన్న శ్రీవిల్లిపుత్తూరు నుంచి మళ్ళీ వచ్చిన మీ పట్టమ్మాళత్త, రెండు ఎద్దులు. సింగపూరులో నువ్వు బాగున్నావని నీ ఉత్తరంలో చదివి కుదుటపడ్డాను.

పైన కోవిల్‌పట్టి అని వేశాను గానీ, ఇది విరుదునగరం స్టేషన్లో మొదలుపెడుతున్నాను. మన వైపు వెళ్ళే బండి ఆలస్యమట. బెంచీ మీద నాలుగు వాక్యాలు రాయడం, లేచి ప్లాట్‌ఫారం చివరిదాకా పోయి రావడం, మళ్ళీ రాయడం. అక్షరాలు వంకరగా ఉంటే కారణం అది. ఈమధ్య కూర్చోవడం చేతకావడం లేదు. పని లేకపోయినా బండెక్కి ఇక్కడికి వస్తున్నాను. మిరపకాయల మండీ వీధిలో ఒక చుట్టు తిరిగి, వెనక్కి పోతాను. టిక్కెట్ల గుమాస్తా నేనేదో పెద్ద వ్యాపారంలో దిగాననుకుంటున్నాడు. ఇవాళ మాత్రం పని ఉండే వచ్చాను.

ముందు నీ ప్రశ్నలకు జవాబులు. పత్తి ఏరుతున్నారు. కాయ ఈ ఏడు చిన్నది, దూది మంచిది. నేను లేనప్పుడు చేను పాలేరు సంగిలి చూసుకుంటాడు, ఇల్లు అత్త చూసుకుంటుంది. భోజనం సంగతి అడిగావు. తింటున్నాను. నిద్ర సంగతి అడగలేదు, మంచిది. ఓడ టిక్కెట్టు చేతికి వచ్చింది. వచ్చే నెల నడుమ నాగపట్నంలో ఎక్కడం, పెనాంగ్ రేవులో ఒక పగలు ఆగడం, ఆ తర్వాత నీ దగ్గరికి. సముద్రం పడుతుందో పడదో ఎక్కితే గాని తెలియదు.

ఇక నువ్వు రెండు ఉత్తరాల్లోనూ గట్టిగా రాసిన సంగతి. పెనాంగ్‌లో ఓడ ఆగిన పగలు ప్రయాణికులను కొండరైలు ఎక్కించి, పైనుంచి సముద్రం చూపించి, సాయంత్రానికి మళ్ళీ రేవుకు చేర్చే ఏర్పాటు ఉందన్నావు. ముందుగా చెప్పుకోకపోతే చోటు దొరకదన్నావు. "రేవు నుంచి నేరుగా కొండకు, కొండ నుంచి నేరుగా ఓడకు, ఊళ్ళోకి వెళ్ళకండి" అని రాసి కింద గీత గీశావు. నాకు కొండలు చూసే సరదా ఉందని నీకు ఎన్నడూ అనిపించి ఉండదు. ఆ ఊళ్ళో నీ చెల్లెలు పూంగొడి ఉంది. నేను దాని ఇంటికి పోకుండా ఆ పగటిని కొండతో నింపావు. నాకు అర్థమైంది. కోపం లేదు.

అది పాల్‌పాండిని చేసుకుని వెళ్ళిపోయి ఆరేళ్ళు. దూదిమిల్లు కూలివాడి కొడుకు, కిరస్తానం ఇల్లు. నీకు నిశ్చయమైన సంబంధం ఆ నెలలోనే తప్పిపోయింది. ఊళ్ళో తలెత్తుకోలేక నువ్వు ఓడెక్కావు. అది నేను మరచిపోలేదు. దాని ముఖం చూసినవాళ్ళు నీ గడప తొక్కకూడదని నువ్వన్న మాట కూడా మరచిపోలేదు.

పెనాంగ్ ఏజెంటు నీ స్నేహితుడు. కొండరైలుకు నా పేరు మీద నలుగురికి చోటు రాసి ఉందని అతను నీకు చెప్పాడు. "విరుదునగరం వాళ్ళ పొరపాటు, ఒక్కరికే అని సరిచేయిస్తాను" అని నువ్వు రాశావు. సరిచేయించకు. దీనికోసమే ఇవాళ ఇక్కడికి పరిగెత్తుకొచ్చాను. ఓడ టిక్కెట్లు అమ్మే నల్లసామి ఒక్క మాటలో తేల్చేశాడు. "మామా, నేను ఈడ ఎంత రాసినా ఆడ నీ కొడుకు మాటే నడుస్తుంది. ఆయన ఒగ కార్డు రాస్తే మూడు సీట్లు పోతాయి. ఆయన్నే అడుగు."

కాబట్టి నిన్నే అడుగుతున్నాను. పొరపాటు జరగలేదు.

పోయిన నెల చోటు చెప్పడానికి వచ్చినప్పుడు అత్త కూడా వెంట ఉంది. నన్ను ఒంటరిగా వదిలితే ఏ బండో ఎక్కి ఎటో పోతానని దాని భయం. నల్లసామి కొట్లో జరిగింది రాస్తాను, నీకు కొంచెం నవ్వు వస్తుంది.

"కొండమింద రైలు యెట్టరా యెక్కుతుంది? ఎనక్కి జారదా?" అని అత్త అడిగింది.

"ఇనపతాడు కట్టి పైకి లాగుతారత్తా. బాయిలో నీళ్ళు చేదినట్టే" అన్నాడు నల్లసామి.

"తాడు తెగితే?"

"నీ బాయిలో తాడు తెగితే ఏం జేస్తావు?"

"పాతాళగరిగె ఏసి బొక్కెన తీస్తా."

"ఆడా అదే జేస్తారు. మామను గరిగె ఏసి తీస్తారు."

"థూ, నీ నోట్లో మన్ను బొయ్య! పయణం పొయ్యే మనిషి ముందర ఏం మాటలురా ఇవి? సరి, మంచి వేళ చూసి రాయి. రాహుకాలంలో మాత్రం వొద్దు."

"ఏ వూరు రాహుకాలం అత్తా? ఆడ మనకంటే ముందే తెల్లారుతుంది. మనకు రాహుకాలం వచ్చేలోపల ఆడ అది వొచ్చి పొయ్యుంటుంది."

అత్త వేళ్ళ మీద లెక్క వేసింది. "అట్లయితే రెండూ తప్పించి రాయి" అంది.

నల్లసామి నవ్వుతూ కలం తీసి, "ఒక్కరికి కదా మామా?" అన్నాడు. నేను నలుగురికి అన్నాను. వాడి నవ్వు ఆగింది. అత్త వీధి వైపు తిరిగి, పోయే బండ్లను చూస్తూ కూర్చుంది.

బండి వస్తోంది. మిగతాది ఇంటి దగ్గర.

ఇల్లు చేరాను. అత్త వంటింట్లో ఉంది. "వాడికి రాసినావా అన్నా?" అని అక్కడి నుంచే కేకేసింది. రాస్తున్నానన్నాను. "రాసిందాంట్లో నా మాట గూడా ఒగటి ఏయి. వాడి మింద నాకు కోపమని రాయి" అంది. ఒక నిమిషం ఆగి, "కోపం లేదని రాయి" అంది. రెండూ రాశాను.

మీ అమ్మ పోయాక ఆమె సంగతి నేను ఇంతవరకు ఏ ఉత్తరంలోనూ రాయలేదు. నువ్వూ అడగలేదు. ఇద్దరం దాన్ని దాటుకుని పత్తి సంగతి, ఓడ సంగతి రాసుకుంటున్నాం. నేను బయటికి అడుగు పెట్టేటప్పుడల్లా "ఉండండి, రాహుకాలం పోనీండి" అనేది గుర్తుందా? బి.ఏ. చదివినవాణ్ణని విసుక్కునేవాణ్ణి. ఇప్పుడు గడప దగ్గరికి రాగానే కాళ్ళు వాటంతట అవే ఆగుతున్నాయి. ఎవరూ ఆగమనరు. కాసేపు నిలబడి పోతున్నాను. ఇంట్లో ఉండలేక బయలుదేరిన మనిషికి గడప దాటడమూ కష్టంగానే ఉంది.

చివరి వారంలో మీ అమ్మ సుబ్బమ్మాళ్ తన ఎర్రరాళ్ళ కమ్మలు తీసి నా చేతిలో పెట్టింది. చెవులు బరువుగా ఉన్నాయేమో, తగ్గాక పెట్టుకుంటుందని అనుకున్నాను. "దానికి వాళ్ళన్నే ఇయ్యాలి" అంది. అంతే. పేరు చెప్పలేదు. చెప్పనక్కర లేదు.

పదహారో నాటి కర్మ రోజున చుట్టాలందరి ముందు ఆ కమ్మల మాట వచ్చింది. కూతురు లేనప్పుడు ఆడబిడ్డకే చెందుతాయని ఎవరో అన్నారు. మీ అత్త లేచి, "దాని కూతురు చచ్చిపోయిందా? కప్పలెక్కింది, ఓడెక్కి పొయ్యింది, అంతే గదా" అంది. సభ అక్కడితో సరి.

పోయిన నెల నల్లసామి కొట్టు నుంచి తిరిగి వస్తున్నప్పుడు బండిలో అత్త అడిగింది.

"నలుగురంటే ఎవురెవురు?"

"నేను. పూంగొడి. దాని బిడ్డ. దామోదరసామి."

"వాడు యాడ వస్తాడన్నా?"

"రాకపోతే నేనే ఇచ్చేస్తాను కమ్మలు."

"నువ్విస్తే చెల్లదు."

"ఎందుకు చెల్లదు? తండ్రిని కదా!"

"నువ్విస్తే అది బంగారం అన్నా. వాడిస్తే పుట్టిల్లు."

సాత్తూరు దాటాక అత్తే నా భుజం మీద తట్టి, "రాని మనిషికి గూడా చోటు పట్టినోడివి లోకంలో నువ్వొగడివే. నీకు కాలేజీలో ఇదే నేర్పించినారా?" అంది. బండిలో మన తెలుగు తెలిసిన ముసలమ్మ ఎవరో నవ్వింది.

ఇప్పుడు నీకు చెప్పకుండా చేసింది చెబుతాను. నల్లసామి దగ్గరికి వెళ్ళడానికి ముందే నేను పూంగొడికి రాశాను. ఆరేళ్ళలో అదే మొదటి ఉత్తరం. చిరునామా, బిడ్డ ఉన్న సంగతి పాల్‌పాండి వాళ్ళ ఇంట్లో అడిగి తెలుసుకున్నాను. ఓడ వచ్చే రోజు, కొండరైలు సంగతి రాశాను. నువ్వు ఊళ్ళోకి వెళ్ళవద్దన్నావు, వెళ్ళను. నీ మాట దాటకుండానే దాన్ని చూసే దారి నువ్వే చూపించావు. నీకు చెప్పి రాయవలసింది అనకు. చెబితే వద్దనేవాడివి. అప్పుడు నేను ఇంకొక మాట ఎదురు చెప్పవలసి వచ్చేది.

దాని జవాబు వచ్చింది. పాల్‌పాండి ఆసుపత్రిలో కాంపౌండరు. ఆ రోజు తాను పక్కకు తప్పుకుంటానని అతనే అన్నాడట. మీరు ముగ్గురూ కలవడం ముఖ్యం, నన్ను తర్వాత చూసుకోవచ్చు అన్నాడట. బిడ్డకు మూడో ఏడు నడుస్తోంది. వీధిలో మలాయి, తమిళం, ఇంట్లో మాత్రం మన మాటే మాట్లాడుతుందట. నాకు ఒక సంగతి అప్పుడు తట్టింది. పాల్‌పాండి తల్లి పత్తి ఏరుకుంటూ మాట్లాడిందీ, మీ అమ్మ నడవలో కూర్చుని మాట్లాడిందీ ఆ మాటే. ఆ పిల్లకు రెండు వైపుల నుంచీ వచ్చింది ఒకటే.

పూంగొడి చివర ఇలా రాసింది: "కొండ కింద స్టేషన్ దగ్గర నిలబడి ఉంటాను. అన్న వస్తే మీతో పైకి వస్తాను. రాకపోతే మిమ్మల్ని చూసి అక్కడి నుంచే వెళ్ళిపోతాను. అమ్మ లేని మీకు అన్న ఇల్లు కూడా లేకుండా చేయలేను."

చూశావా, అది కూడా నీ గడప గురించే ఆలోచించింది.

సింగపూరు నుంచి ప్రాయి దాకా మెయిలు బండి ఉందనీ, అక్కడ పడవ దాటితే పెనాంగ్ అనీ నల్లసామి చెప్పాడు. ఈ సంగతి నాకంటే నీకే బాగా తెలుసు. నువ్వు పాల్‌పాండి ఇంటికి పోనక్కర లేదు. అతనితో మాట్లాడనక్కర లేదు. తప్పిపోయిన సంబంధాన్ని మరచిపొమ్మని కూడా అడగను. కమ్మలు దాని చేతిలో పెట్టు. ఆ తర్వాత నలుగురం ఆ ఇనపతాడు లాగినంత దూరం పోయి, సముద్రం చూసి, దిగి వద్దాం.

నువ్వు రాకపోతే నేను కొండ ఎక్కను. దాన్ని పొమ్మనను, పోనివ్వను. ఓడ కూత వినిపించేదాకా ఆ కింది స్టేషన్లో దాని పక్కనే కూర్చుంటాను. ఆ తర్వాత నీ గడప సంగతి నువ్వు ఆలోచించుకో. సింగపూరులో రేవుకు రాబుద్ధి కాకపోతే రాకు, నేను తిరుగు ఓడలో ఊరు చేరుకుంటాను. కమ్మలు మాత్రం దానికి ఇవ్వను. రేవు దగ్గర ఎవరి చేతనైనా నీకే పంపుతాను. ఇవ్వవలసింది నువ్వు. ఎప్పుడిస్తావో నీ ఇష్టం.

అత్త వచ్చి పక్కన నిలబడింది. బిడ్డకు పాలకోవా కట్టిస్తుందట. ఓడలో అన్ని రోజులు నిలవ ఉండదన్నాను. "చెడితే చెడనీ. అత్తవ్వ పంపించిందని చెప్పి కోవా చుట్టిన ఆకునైనా చూపించు" అంటోంది.

కూర్చోవడం చేతకావడం లేదని మొదట రాశాను కదా. పెనాంగ్‌లో ఆ కొండ కింది స్టేషన్ బెంచీ మీద మాత్రం కూర్చోగలననిపిస్తోంది. నువ్వు ఏ చివర కూర్చుంటావో తెలియదు గనుక, రెండు చివరలూ ఖాళీగా వదిలి నేనూ పూంగొడీ మధ్యలో కూర్చుంటాం.

ఇట్లు,
నీ రాకకు ఎదురుచూసే నాయన,
పెరుమాళ్సామి