నువ్వు విప్పేసిన పక్కచుట్ట

ఆర్యపల్లి, మంగళవారం

చిరంజీవి ధనరాజుకు మామ్మ దీవెనలు. నేను బాగానే ఉన్నాను. ఈ కార్డు మీ తాత గురించి. ఫోన్లో చెబితే పక్కగదిలోంచి వింటాడు.

పది రోజుల కిందట పక్షవాతం వచ్చి ఆయన కుడిచెయ్యి పడిపోయింది. ఇక రావడం కష్టమన్నాడు బరంపురం డాక్టరు. నోరు మాత్రం క్షేమం.

సెలవు అయిపోయి నువ్వు బయల్దేరిన రోజు గుర్తుందా? డెబ్బయ్యొకటి యుద్ధానికి తను కట్టుకెళ్లినట్టే వలతాడుతో బిగించి నీకు పక్కచుట్ట కట్టాడు. నువ్వు దాన్ని విప్పేసి, "ఇది మీ కాలం మిలట్రీ కాదు తాతా" అంటూ చక్రాల పెట్టె సర్దుకున్నావు. "సక్రాల పెట్టి లాక్కుంటూ కొండెక్కుతావేట్రా?" అన్నాడాయన. ఇద్దరు సిపాయిలున్న ఇంట్లో రాజీ ఎవరికి వచ్చు కనక! నాలుగు నెలలుగా మాటల్లేవు.

ఇప్పుడు రోజూ పొద్దున్నే ఎడంచేత్తో పక్కచుట్ట కడుతున్నాడు. నన్ను ముట్టుకోనివ్వడు. నిన్న నోట్లో మిగిలిన నాలుగు పళ్లతో తాడు లాగి ముడేశాడు. మధ్యాహ్నానికి ఊడిపోయింది. గోడవైపు తిరిగి పడుకున్నాడు, అన్నం తినలేదు.

పంపిన ఎండు నెత్తళ్లు అందాయా? నీ దగ్గు తగ్గిందా?

నాలుగు రోజులైనా సెలవడిగి రా. ఆ ముడి నీకు చేతకావడం లేదని, నేర్పమని అడుగు. తిడతాడు, పడు.

ఆయన కట్టేది తన పక్క కాదురా. నువ్వు వదిలేసి వెళ్లినదే.

చల్లగా ఉండు.

మీ మామ్మ