తీపి తెలిసే దాకా

జనవరి 19, 1947

సత్తియ్య దేవరాపల్లి నుంచి బండి కట్టుకొచ్చాడు. చెరకు గానుగ మొదలైందట, పెళ్ళాన్ని పంపమంటాడు. ఆ పెళ్ళాం నా చెల్లెలు గంగాభవాని. కీళ్ళ జ్వరం తగ్గుతూ తగ్గుతూ దాని గుండెని పాడుచేసి పోయింది. నాలుగు నెలలుగా మా ఇంట్లో మంచం మీదే ఉంది. వెళ్తానని ఏడుస్తోంది. మంచం మీద బతుకు నాకొద్దన్నియ్యా అంది. పంపాలో వద్దో చెప్పాల్సింది నేనే, ఊళ్ళో డాక్టర్ని కదా. ఇంట్లో డాక్టరుండటం ఎంత ఖర్మో ఇవాళ తెలిసింది.

జనవరి 20

కాలేజీ రోజులు గుర్తొచ్చాయి. కప్ప గుండెకి దారం కట్టి, గీతలు గీసే సన్నటి మీటకి తగిలించేవాళ్ళం. మసి పట్టించిన డ్రమ్ము తిరుగుతుంటే, గుండె ముడుచుకున్నప్పుడల్లా దాని మీద ఒక తెల్లగీత లేచేది. గుండెలోకి సెలైన్ ఎక్కువ వదిలితే కండరం సాగేది. సాగినకొద్దీ ఇంకా బలంగా ముడుచుకునేది. హద్దు దాటి వదిలామా, గీత పొట్టిదైపోయేది. ప్రొఫెసర్ చూడకుండా నవ్వుకునేవాళ్ళం.

చెల్లెలి గుండెలో ఒక కవాటం సరిగ్గా మూసుకోదు. కొట్టుకున్నప్పుడల్లా కొంత రక్తం వెనక్కి వస్తుంది. గుండె సాగింది. హద్దుకి ఇటుందా అటుందా? స్టెతస్కోపు ఆ మాట చెప్పదు.

రేపు సర్క్యులేషన్ టైమ్ చూస్తాను. మోచేతి నరంలోకి సాకరిన్ అనే తీపి మందు ఎక్కించి వాచీ పట్టుకోవడమే. రక్తం గుండె చేరి, ఊపిరితిత్తులు తిరిగి, మళ్ళీ గుండెకొచ్చి నాలుకకి అందితే తీపి తెలుస్తుంది. పదహారు సెకన్ల లోపైతే గుండె బాగా తోస్తున్నట్టు. సూదెందుకు బాబూ అంది అమ్మ. కసిరాను.

జనవరి 21, ఉదయం 8

పన్నెండు!

తీపి తగలగానే చెయ్యెత్తమన్నాను. పన్నెండో సెకనుకి ఎత్తింది. గుండె సాగి, కొట్టుకునే చోటు ఒక వేలెడు పక్కకి జరిగిన మాట నిజమే. పన్నెండు ముందు అదెంత? తీసుకెళ్ళమని సత్తియ్యకి చెప్పేశాను. గానుగ పనికి మాత్రం పంపకు బావా అన్నాను. అలాగే అన్నాడు. చెల్లెలు చీరలు సర్దుకుంటూ పాట కూడా పాడింది. చాలా రోజులకి ఇంట్లో అందరం కలిసి తిన్నాం.

ఫిబ్రవరి 6

దేవరాపల్లి సంతకి వెళ్ళొచ్చినవాళ్ళు చెప్పారు. గంగాభవాని బెల్లం పొయ్యిలోకి ఎండు పిప్పి ఎగదోస్తూ కనిపించిందట. సత్తియ్య మీద ఒళ్ళు మండింది. చెప్పొద్దూ, సంతోషం కూడా వేసింది.

మార్చి 2

బండిలో తెచ్చారు. పడుకుంటే ఊపిరాడక దారంతా కూర్చునే వచ్చింది. కాళ్ళు వాచాయి. నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోతోంది. సత్తియ్య బండి కూడా దిగకుండా ఏడ్చాడు. నానొద్దన్నా ఇన్లేదు బావా, అందరూ సేత్తంటే నానొక్కదాన్నీ కూకోనా అని ఎల్లిపోయీది అన్నాడు.

మార్చి 3

మళ్ళీ టైమ్ చూద్దామని సిరంజి ఉడకబెట్టి తెచ్చాను. నాకన్నా ముందే అమ్మ మంచం దగ్గరుంది. చెల్లెలి నోట్లో ఏదో పెడుతోంది. ఏంటమ్మా అన్నాను. కొత్త బెల్లమే బాబూ, సూదికి ముందు నోరు తీపి సేత్తన్నాను, పోయినసారీ ఎట్టేను, కలిసొచ్చింది కదా అంది.

సిరంజి బల్ల మీద పెట్టేశాను. ఆ రోజు తీపి తగిలాకే చెయ్యెత్తావా అని చెల్లెల్ని అడిగాను. నోరు ముందే తీపిగుంది అన్నియ్యా, ఏది నీ తీపో తెల్లేదు, నువ్వలా ఆశగా వాచీకేసి సూత్తంటే సెయ్యెత్తీసేను అంది. నవ్వబోయి దగ్గింది.

మా ఇంట్లో ఏ మంచిపని మొదలెట్టినా ఆ బెల్లం ముక్క నోట్లో పడాల్సిందే. విత్తనం చల్లినా, పెళ్ళిచూపులకి కూర్చున్నా. నా ఎల్.ఎం.పి. డాక్టరు పరీక్షలకీ పెట్టింది. నేనెలా మరిచిపోయాను? నోరు పుక్కిలించమని ఒక్క మాట ఎందుకు అనలేదు? ఆ ఒక్క మాట అని ఉంటే దాన్ని పంపేవాణ్ణి కాదు.

మధ్యాహ్నం నోరు బాగా కడిగించి చూశాను. నలభై ఒకటి.

మార్చి 5

గుండె బలానికి డిజిటాలిస్ వేస్తున్నాను. నీరు లాగడానికి పాదరసం ఇంజెక్షనూ ఇచ్చాను. వాపు కొంచెం తీసింది. ఆయాసం తియ్యలేదు.

మార్చి 8

గుండె మీద వింటే నూట నలభై, మణికట్టు దగ్గర నాడి తొంభై. మిగతా దెబ్బలు చేతి దాకా రావడం లేదు. కప్ప గుండె గీతలు పొట్టివైనప్పుడు నవ్వినవాణ్ణి నేనే.

గానుగకాడ ఎంత బాగుందో అన్నియ్యా, అందరితో కలిసి పన్జేసేను, నన్ను పంపినావు, నీకు పున్నెముంటాది అంది. అక్కడ కూర్చోలేకపోయాను. పెరట్లోకెళ్ళి ఏడ్చాను.

మార్చి 9

గంగాభవాని తెల్లవారుతుండగా పోయింది.

మార్చి 24

అమ్మ ఇవాళ అడిగింది. నా బెల్లం ముక్క వల్ల ఏటైనా అయ్యిందేటి బాబూ అని.

బెల్లానికీ గుండెకీ ఏం సంబంధమమ్మా అని కసిరాను. కసిరితేనే నమ్ముతుంది.