చిల్లు పెట్టని డబ్బాలు

జూలై 3, గురువారం

గరాటు పట్టుకోమన్నాడు ఆయన. పట్టుకున్నాను. బయట కొన్న సింథటిక్ ఇంజన్ ఆయిల్, కారు కంపెనీ పేరున్న ఖాళీ డబ్బాలోకి. ఒక్క చుక్క కింద పడలేదు.

"నీ చెయ్యి వణకదు మే" అని మెచ్చుకున్నాడు.

ఆయిల్ పోయగానే ఖాళీ డబ్బాకి కారువాళ్ళ ముందే స్క్రూడ్రైవర్‌తో చిల్లు పెట్టాలి, మళ్ళీ ఎవరూ నింపకుండా. ఈ వీధిలో అన్ని మెకానిక్ షెడ్లలోనూ పెడతారు. మా షెడ్డులో, పైనున్న ఇంటికెళ్ళే మెట్ల కింద, గోనెపట్ట చాటున, చిల్లు లేనివి ఇంకా నాలుగు ఉన్నాయి.

జూలై 4, శుక్రవారం

శైలజక్క కారు సర్వీసుకి తెచ్చింది. హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్ వైపు ఆఫీసు, ఎప్పుడూ ఒక్కతే వస్తుంది. నేను షెడ్డు పక్కన బట్టలు ఆరేస్తుంటే దగ్గరికొచ్చి, మెల్లగా...

"కంపెనీ ఆయిలే పోయించాలా, బయటి సింథటిక్ చాలా? మీ ఆయన్ని అడిగితే కంపెనీదే అంటాడు. నువ్వు చెప్పమ్మా."

ఆయన కారు కింద నుంచి తల తిప్పి చూశాడు.

"కంపెనీదే మేలక్కా" అన్నాను.

"నువ్వు చెప్పావు కదా, అదే పోయించు."

నిన్న నింపిన డబ్బానే తెచ్చి పోశాడు. అక్క ఫోన్లో మాట్లాడుతోంది, చూడలేదు. నేను చూశాను.

ఏడో తరగతితో మానేసినదాన్ని. నన్ను ఎవరూ ఏదీ అడగరు. అడిగిన ఒక్కరికీ ఇలా...

జూలై 5, శనివారం

రెండు రకాల డబ్బాలూ పక్కపక్కన పెట్టి, కూడబలుక్కుని చదివాను. ఫైవ్ డబ్ల్యూ థర్టీ, ఆయిల్ చిక్కదనం నంబరు. రెండిటి మీదా అదే. కింది చిన్న అక్షరాలు కూడా ఒకటే. అక్క కారు పుస్తకంలోనూ అదే ఉందట, ఆయన చెప్పాడు.

"కారు చేసేవాళ్ళు ఆయిల్ తీస్తారా యాడన్నా? ఎవురో తీసిచ్చిందానికి వీళ్ళ పేరేసుకుంటారు. నంబరు సరిపోతే ఇంజనుకేం తెలుసు!"

"మరి అక్కకి ఆ మాటే చెప్పుంటే..."

"చెప్తే కంపెనీ రేటు ఎవురిస్తారు, మీ నాయనా?"

నవ్వాడు. ఆయిల్ మంచిదేనన్నమాట. మనసు కుదుటపడాలి. పడలేదు. నిజం అడిగింది, నిజం చెప్పినా సరిపోయేది.

జూలై 6

సబ్బుతో మూడుసార్లు కడిగినా వేళ్ళకి ఆయిల్ వాసనే.

జూలై 8, మంగళవారం

అక్క ఫోన్ చేసింది. కారు మెత్తగా పోతోందట.

"ఆఫీసులో ఇద్దరికి చెప్పాను, అక్కడ ఒకమ్మాయి ఉంది, అబద్ధం ఆడడం రాదు అని. ఆదివారం తీసుకొస్తా."

"అలాంటిదేం లేదక్కా" అన్నాను. సిగ్గుపడుతున్నాననుకుని నవ్వింది.

ఆయనకి చెప్తే పండగే. "నీ మొగం చూసే నమ్మినారు! ఇంక అందరికీ నువ్వే చెప్పల్ల."

అద్దంలో చూసుకోబుద్ధి కాలేదు.

జూలై 10, గురువారం

ఆయన సామాన్లకి చిక్కపేట బజారుకి పోయాడు. గోనెపట్ట తీశాను. స్క్రూడ్రైవర్... ప్లాస్టిక్ గట్టిది. మొదటిది జారి వేలు గీరుకుంది. నాలుగూ పొడిచాను, అడుగున. మళ్ళీ అలాగే సర్దాను. సంతోషం లేదు. దొంగతనం చేసినట్టే ఉంది — ఇదీ చాటుగానే కదా చేశాను.

జూలై 12, శనివారం

రేపటి కోసమని గరాటు తెచ్చాడు. పట్టుకున్నాను. పోశాడు. ఆయిల్ నా పాదాల మీదికి కారింది, జిడ్డుగా.

డబ్బా ఎత్తి అడుగు చూశాడు. మిగతా మూడూ చూశాడు. తర్వాత నా వేలికున్న గుడ్డపీలిక.

"ఎవురు?"

బట్ట తెచ్చి నేల తుడిచాను. తుడుస్తూనే ఉన్నాను.

జూలై 13, ఆదివారం

పొద్దున్నే ఆయన బయటికెళ్ళి కంపెనీ డబ్బాలు తెచ్చి బల్ల మీద పెట్టాడు. సీలు ఉన్నవో లేనివో పై నుంచి కనబడడం లేదు.

కార్లు వచ్చాయి. కింద అక్క గొంతు...

"అబద్ధం రాని మా అమ్మాయి ఏదీ? ఆమెనే చెప్పమనండి."

"మే, రా కిందికి" — ఆయన.

చెప్పులు వేసుకున్నాను. నోట్లో ఒకటే మాట — అక్కా, పోయినసారి నీ కారుకి... రెండు మెట్లు దిగాను. మళ్ళీ పైకొచ్చి ఇది రాస్తున్నాను. మళ్ళీ పిలుస్తున్నాడు.