ముప్ఫై ఏడో అడుగు

చిన్నా,

నువ్వు, మరదలు, పిల్లలు కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఇక్కడ మేం బాగున్నాం. మీ బావగారి మోకాలు కూడా బాగుంది, మంచినీళ్ళు తనే లేచి తెచ్చుకోవలసి వచ్చినప్పుడు తప్ప.

ఒక సంగతి నీకే చెప్పాలి, ఎందుకంటే మన ఇంట్లో వంతెనల ఇంజనీరువి నువ్వొక్కడివే. మా ఇంటికీ, నేను దుప్పట్లు కుట్టే ఆసుపత్రికీ మధ్య కాలవ మీద ఇనుప వంతెన ఉంది కదా, మనుషులు నడిచేది. ఇరవై రెండేళ్ళుగా రోజూ రెండుసార్లు దాని మీదే నా రాకపోకలు. అడుగుకొకసారి దేవుడి పేరు తలుచుకుంటూ దాటడం నాకు అలవాటు. ఈ దరి నుంచి ఆ దరికి సరిగ్గా డెబ్భై ఆరు నామాలు. ఎప్పుడూ ఒకటి ఎక్కువ కాలేదు, ఒకటి తక్కువ కాలేదు.

ఈమధ్య ముప్ఫై ఏడో నామం దగ్గర వంతెన బాగా ఊగుతోంది. నలభై నాలుగు దాకా ఊగి, తర్వాత ఏమీ ఎరగనట్టు ఊరుకుంటుంది. మొదట నాకే కళ్ళు తిరుగుతున్నాయనుకున్నాను. తర్వాత దేవుడు నా భక్తిని పరీక్షిస్తున్నాడనుకున్నాను. కానీ మొన్న నా వెనకాల వస్తున్న మా వార్డు నర్సు కూడా సరిగ్గా అక్కడే కమ్మీ పట్టుకుంది. ఆవిడకి దేవుడంటే నమ్మకం లేదు. ఆవిడని ఆయన పనిగట్టుకుని ఎందుకు పరీక్షిస్తాడు?

అందుకని మంగళవారం భోజనం వేళ ఇక్కడి వంతెనల ఆఫీసుకు వెళ్ళాను. గాజు కిటికీ వెనక గుమాస్తా ఉన్నాడు. నా గొంతు సంగతి నీకు తెలుసుగా, మూడుసార్లు చెబితే గాని ఆయనకు వినపడలేదు.

"వంతెన ఊగుతోందండీ."

"ఇనుప వంతెన కాస్త ఊగుతుందమ్మా. కిందటి వానాకాలమే తనిఖీ చేశారు. రిపోర్టు బాగుంది."

"అయితే ఆ రిపోర్టు ఒకసారి చూపిస్తారా?"

"బాగుందంటున్నాను కదమ్మా. బాగున్నదాన్ని చూసి ఏం చేస్తారు?"

"సంతోషిస్తానండీ."

ఆయన దరఖాస్తు రాసుకురమ్మన్నాడు. సంతోషించడానికి వేరే ఫారం లేదట, తెల్ల కాగితమే చాలట. పదో తరగతితో ఆగిపోయినదాన్ని, ఎలా రాయాలో కాస్త నువ్వు చెప్పు.

నీ జవాబు కోసం చూస్తూ,
అక్క

చిన్నా,

నీ ఉత్తరం అందింది. దరఖాస్తు ఎలా రాయాలని అడిగితే, ఎందుకు రాయకూడదో రెండు పేజీలు రాశావు. ఆఫీసులతో మనకెందుకక్కా, చుట్టూ తిరిగి వెళ్ళు, నడక ఒంటికి మంచిది అన్నావు. చుట్టూ తిరిగితే నలభై నిమిషాలు. నా ఒంటి మాట సరే, బడి వదిలాక పిల్లలంతా ఆ వంతెన మీద పందాలు వేసుకుని పరిగెత్తుతారు. వాళ్ళకి ఏ ఒంటి మంచి చెప్పమంటావు?

దరఖాస్తు నేనే రాశాను. ముప్ఫై ఏడో నామం మొదలు నలభై నాలుగో నామం వరకు వంతెన ఊగుతున్నదని మనవి చేశాను. గుమాస్తా చదివి, "నామాలు కాదమ్మా, మీటర్లలో రాయండి" అన్నాడు. "మీటర్లు మీ దగ్గరే ఉన్నాయి కదండీ, మీరు కొలిచి రాసుకోండి" అన్నాను. మెల్లగానే అన్నాను. అయినా ఈసారి మొదటిసారికే వినపడింది.

అప్పటినుంచి ప్రతి మంగళవారం వెళ్ళి అక్కడి బల్ల మీద కూర్చుంటున్నాను. ఊరికే కూర్చోవడం దేనికని జపం చేసుకుంటాను. మూడో వారం ఆయన కిటికీలోంచి తల బయటపెట్టాడు.

"ఏంటమ్మా, అలా గొణుగుతున్నారు?"

"మీ కోసం ప్రార్థన చేస్తున్నానండీ."

"నాకేమైందని?"

"ఏమీ కాకూడదనే. మీరు దాటే వేళకి వంతెన పడకూడదని."

ఆ రోజు నుంచి ఆయన ఆఫీసుకు చుట్టూ తిరిగి వస్తున్నాడు. పిక్కలు పట్టేస్తున్నాయని నా మీద కోపం. కోపమైతే వచ్చింది గాని, వంతెన మాత్రం ఎక్కడం లేదు.

ఐదో వారం పెద్ద ఇంజనీరు గారి సంతకంతో జవాబు వచ్చింది. రిపోర్టు ఇవ్వలేదు గాని అందులోంచి ఒక్క ముక్క రాశారు. ఉన్నదున్నట్టు ఎత్తి రాస్తున్నాను: "సదరు వంతెన దృఢముగా నున్నట్లు, దానిని ప్రతిదినము ఉపయోగించు ఒక స్థానిక మహిళ తనిఖీ సమయమున ధ్రువీకరించి యున్నారు. కావున తమ భయము నిరాధారము."

ఎవరు చిన్నా ఈ మహాతల్లి? ఇంతమంది ప్రాణాల విషయంలో ఆలోచనా పాడూ లేకుండా బాగుందని చెప్పేసిందే, ఆవిడ నోటికి హద్దూ పద్దూ లేదా? నాకు జన్మలో ఇంత కోపం రాలేదు. ఆవిడని వెతుకుతున్నాను. కాలవకి ఇవతల ఇస్త్రీ బండి ఆవిడని అడిగాను, అవతల కూరల కొట్టావిడని అడిగాను. ఇద్దరూ ఒట్టేసి తాము కాదన్నారు. "దొరికితే చెప్పండి, ఆ ముప్ఫై ఏడో అడుగు మీద నిలబెట్టి గెంతిద్దాం" అంది నర్సు. నేను అలాంటివి కోరుకోను. వంతెన ఊగే ఆ ఎనిమిది నామాలూ ఆవిడకి బుద్ధి కలగాలని, ఆవిడ పేరుమీదే అనుకుంటున్నాను.

నీకు ఆ ఆఫీసులో తెలిసినవాళ్ళుంటే, ఆవిడెవరో కాస్త కనుక్కో.

అక్క

చిన్నా,

"ఆ స్థానిక మహిళ జోలికి పోకక్కా, పాపం మంచి మనిషే అయ్యుంటుంది" అని నువ్వు రాసినప్పుడే నాకు అనుమానం రావలసింది. నువ్వు చిన్నప్పటినుంచీ ముక్కూ మొహం తెలియని వాళ్ళ మీద జాలిపడే రకం కాదు.

రిపోర్టు చేతికొచ్చింది. ఇచ్చింది గుమాస్తాయే. "తీసుకోండమ్మా, ఇంక నా పిక్కల వల్ల కాదు. పెద్దాయన ఒప్పుకున్నారు" అని కిటికీ కిందనుంచి తోశాడు. బల్ల మీద కూర్చుని కళ్ళజోడు పెట్టుకున్నాను. ముందు సంతకమే చూశాను. చివర పిల్లితోకలా మెలితిరిగిన సంతకం. ఆ మెలిక నీకు పలక మీద నేర్పింది నేనే.

తర్వాత తేదీ చూశాను. కుండపోతగా వాన కురిసిన రోజు. పని మీద వచ్చానన్నావు, ఏం పనో నేను అడగలేదు. తుమ్ములతో వచ్చావు. భోజనం పెట్టాను. రెండోసారి వడ్డిస్తుంటే, "మీ కాలవ వంతెన ఎలా ఉందక్కా?" అన్నావు. చిన్నా, అప్పటికే అది కొంచెం కొంచెం ఊగుతోంది. ఆ మాటంటే నువ్వు కంచం ముందునుంచి లేచి, ఆ జలుబుతో ఆ వానలో పోతావని నాకు తెలుసు. "దానికేం, నిక్షేపంలా ఉంది, నువ్వు తిని పడుకో" అన్నాను. గొడుగు నీ మంచం పక్కన పెట్టి డ్యూటీకి వెళ్ళాను. సాయంత్రం వచ్చేసరికి గొడుగు పొడిగా ఉంది. నా మాట విని పడుకున్నాడని ఎంత మురిసిపోయానో.

అంటే ఇన్నాళ్ళూ నేను వెతికిన మహాతల్లిని నేనే. ఆ ఎనిమిది నామాలూ నాకే చెందాయి. బల్ల మీద నవ్వాగలేదు. గుమాస్తా బెదిరిపోయి మంచినీళ్ళిచ్చాడు. అవి తాగుతుంటే ఏడుపొచ్చింది.

నువ్వు కిటికీ అద్దం పగలగొట్టినప్పుడు నేనే పగలగొట్టానని చెప్పాను, గుర్తుందా? ఆ దెబ్బల గురించి నాకు చింత లేదు. కానీ అది అద్దం. ఇక్కడ పగిలేది వేరు. నీ ఉద్యోగం పోతుందేమోనని నాలుగు రోజులు నిద్ర లేదు. మీ బావగారితో కూడా చెప్పలేదు. చివరికి దేవుడి ముందు కూర్చుంటే, ఆయన నీ గురించి ఏమీ అడగలేదు చిన్నా. నన్నే అడిగాడు.

వచ్చే మంగళవారం కాగితం రాసిస్తాను. ఆ స్థానిక మహిళను నేనేనని, నేను చెప్పింది అబద్ధమని, ఆ రోజు వంతెన దగ్గరికి ఎవరూ వెళ్ళలేదని. నీకు చెప్పకుండా చేయడం ఇష్టంలేక ముందుగా రాస్తున్నాను. నన్ను తిట్టుకో. తిండి మాత్రం మానకు.

నీ అక్క

చిన్నా,

క్షేమంగా చేరావని తెలిసి కుదుటపడ్డాను. ఎదురుగా ఉన్నంతసేపూ నీకు వడ్డించడంతోనే సరిపోయింది గనక, చెప్పాలనుకున్నది ఇప్పుడు రాస్తున్నాను.

ఆ మంగళవారం నా కాగితం మడిచి పట్టుకుని వెళితే, గాజు కిటికీ దగ్గర నాకంటే ముందు నువ్వు నిలబడి ఉన్నావు. నీ చేతిలోనూ ఒక కాగితం. "ముందు నాది తీసుకోండి" అని నువ్వు, "కాదు, ముందు నాది" అని నేను. గుమాస్తా రెండూ చదివి, "ఇంతకీ ఫిర్యాదు ఎవరిమీదండీ?" అన్నాడు. ఇద్దరం "నా మీదే" అన్నాం. ఆయన సర్వీసులో అలాంటి కేసు రాలేదట.

తర్వాత వంతెన మీద నా వెనకాల నడిచావు. నేను ముప్ఫై ఏడు అనకముందే కమ్మీ పట్టుకున్నావు. నీ మొహంలో రంగు పోయింది. అప్పుడు నాకు నీమీద ఉన్న కోపం కూడా పోయింది.

నువ్వు బండెక్కిన మర్నాడు పడవ వేసుకుని కిందకి వెళ్ళి చూశారు. అడ్డదూలం ఒకటి తుప్పు తిని జల్లెడైపోయిందట. సరిగ్గా నేను రాసిన చోటే. గుమాస్తా టేపు పెట్టి కొలిచి, నామాల పక్కన మీటర్లు వేసుకున్నాడు. ఆ సాయంత్రమే వంతెన మూసేశారు. ఇప్పుడు ఊరంతా నలభై నిమిషాలు నడుస్తూ నన్నే తిడుతోంది. నర్సు అందరికంటే గట్టిగా తిడుతోంది, పక్కనే నడుస్తూ.

నిన్ను తనిఖీల నుంచి తప్పించి ఏడాదిపాటు పాత ఫైళ్ళ గదిలో వేశారని మరదలు రాసింది. బాధగానే ఉంది. కానీ ఉద్యోగం నిలిచింది, వంతెన మీదున్నవాళ్ళూ నిలిచారు. ఫైళ్ళ గదిలో వాన పడదు, జలుబు చేయదు.

నిన్న మరమ్మతు పూర్తయింది. నేనడిగినట్టే వంతెనకి రెండు వైపులా పలకలు కట్టి తనిఖీ రిపోర్టు అతికించారు, ఎవరు చూశారో, ఎప్పుడు చూశారో, ఎక్కడ నిలబడి చూశారో అన్నీ. గుమాస్తా కొత్త ఫారం పట్టుకుని మా దుప్పట్ల గదికే వచ్చాడు. పాత రిపోర్టులో స్థానిక మహిళ ఉంది గనక ఈసారి కూడా ఉండాలన్నారట పెద్ద ఇంజనీరు గారు.

"వంతెన ఎలా ఉందమ్మా?" అన్నాడు, కలం తెరిచి పట్టుకుని.

"ఇంకా నడవలేదండీ" అన్నాను.

"ఫర్వాలేదమ్మా, బాగానే ఉంటుంది, ఇక్కడో సంతకం పెట్టేయండి."

సూది పక్కన పెట్టి చెప్పులేసుకున్నాను. ఆయనని కూడా రమ్మన్నాను. డెబ్భై ఆరు నామాలూ ఆయనచేత పైకే అనిపిస్తూ దాటించి, అవతలి దరికి చేరాక సంతకం పెట్టాను. నీకు నేర్పిన మెలికే వేశాను.

ఇట్లు,
నీ అక్క, స్థానిక మహిళ