ఒక్క గీత రావాలి

బావకు,

ఇక్కడ నేను బాగానే ఉన్నాను, బాగాలేనిది ల్యాబ్‌లో నా ప్రోటీనే. వెస్టర్న్ బ్లాట్ అనే పరీక్షలో దానికి ఒక్క నల్లగీత రావాలి. పిలవని పేరంటానికొచ్చినట్టు కింద ఇంకోటి వచ్చి కూర్చుంటోంది. అది పోయేదాకా ఇంటి మాట ఎత్తొద్దని మా పీహెచ్‌డీ గైడు తేల్చేశారు. నిన్ను చూసి ఏడు నెలలైంది. నీ ఉత్తరాలే లేకపోతే పిచ్చెక్కేది.

ఇట్లు,
ఇంటికి రాలేని నీ పెళ్ళాం

తా.క. ఇంకాస్త పెద్ద ఉత్తరాలు రాయకూడదూ?

---

మరదలు పిల్లకు,

ఫ్రిజ్‌లు బాగుచేసుకునేవాణ్ణి, నీ గీతల సంగతి నాకేం తెలుసు? నీ బెంగ మాత్రం తెలుసు. అందుకే ఈసారి ఎనిమిది పేజీలు. ఇది మొదటిది, మిగతా ఏడూ వెనకాల గుచ్చాను. ఇకనుంచి రోజుకో ఉత్తరం. మంచం మీద నీ వైపు దుప్పటి ఇంకా మడతపెట్టలేదు. నువ్వొచ్చి పెట్టు.

ఉంటాను,
నీ బావ

తా.క. నీకు రెండు గీతలొచ్చాయని అత్తకి చెప్పాను. ఆవిడ వీధంతా మిఠాయి పంచేసింది. నువ్వెళ్ళి ఏడు నెలలైందని లెక్క తేలాక ఆ వీధంతా నన్ను ఓదారుస్తోంది.

---

బావకు,

ఇప్పుడు మూడు గీతలు. అమ్మకి చెప్పకు.

యాంటీబాడీ మార్చాను, బ్లాట్ పొరని పాలలో ఎక్కువసేపు నానబెట్టాను, చేతులు పడిపోయేలా కడిగాను. తప్పు శాంపిల్‌లోనే ఉందని తేలింది, ఎక్కడో తెలియక తల ప్రాణం తోకకొస్తోంది. నిన్న చేసిందంతా పొల్లుపోకుండా రాస్తున్నాను. శాంపిల్ ఐసులోంచి తీసి బల్లమీద పెట్టాను. నీ ఉత్తరమొచ్చింది. చదివాను. మళ్ళీ చదివాను. కాస్త ఏడ్చాను. మొహం కడుక్కొచ్చి, శాంపిల్ మరిగించి జెల్‌లో పోశాను. ఇందులో తప్పేముంది, నువ్వే చెప్పు.

నీ మూడు గీతల పెళ్ళాం

---

పిల్లా,

ఎనిమిది పేజీలు, రెండుసార్లు, పైగా ఒక ఏడుపు. ఎంత లేదన్నా గంటన్నర. ఫ్రిజ్ తలుపు తీసి ఉంచితే లోపలివి పాడవుతాయని రోజూ పదిమందికి చెప్పేవాణ్ణి నేను. ఐసు బయట నీ ప్రోటీన్ కూడా ముక్కలైపోయి ఉంటుంది, ఆ ముక్కలే ఈ కింది గీతలు. అంటే నిన్ను ఇంటికి రానివ్వనిది నేనేనన్నమాట. ఒక్క గీత వచ్చేదాకా ఇక ఉత్తరం రాయను. ఈ ఒక్క మాట రాయడానికి మూడు కాగితాలు చించాను.

నీ బావ

తా.క. ఇది చదివేముందు శాంపిల్ ఐసులో పెట్టావా?

---

బావకు,

నువ్వు చెప్పింది అక్షరాలా నిజం, గైడు కూడా ఒప్పుకున్నారు. నువ్వూ మాట మీద నిలబడ్డావు. పదిరోజులుగా ఒక్క ఉత్తరం లేదు.

అయినా రెండో గీత వచ్చింది. శాంపిల్ బల్లమీద వదిలేసి, పోస్టుమాన్ ఏమైనా తెస్తాడేమోనని గేటు దగ్గరే నిలబడిపోతున్నాను. పాడవుతుందని తెలిసీ, రోజూ. నువ్వు పక్కనుంటే తప్ప ఇది పోయేలా లేదు బావా. వర్క్‌షాపుకి తాళం వేసి బయల్దేరు.

నీ పెళ్ళాం

తా.క. వస్తున్నానని ఉత్తరం మాత్రం రాయకు.