స్క్రీన్ మీద నిండిన ట్యాంకు

మంగళవారం, కర్నూలు

కోసిగి పంప్‌హౌస్ ఆపరేటర్ ఎల్లప్ప పొద్దున్నే ఫోన్ చేశాడు. "సార్, ట్యాంకులో నీళ్లు లేవు. ఆడోళ్లు బిందెలు పెట్టుకొని కూర్చోనుండారు. మోటారు వేయాల్నా?"

ఇక్కడ ఆఫీసులో నా ఎదుట స్క్రీన్ మీద ఆ ట్యాంకు నిండుగా ఉంది. వద్దు, పొంగిపోతుందన్నాను.

"నిచ్చెనెక్కి చూసినా సార్, అడుగు కనపడతాండాది."

"నీ కళ్లు సరిగా చూపించుకో. స్క్రీన్ అబద్ధం చెప్తుందా?" అని కసిరాను. అతను ఫోన్ పెట్టేశాడు.

మధ్యాహ్నానికీ స్క్రీన్ మీద అంకె మారకపోతే అనుమానమొచ్చి, దాన్ని నడిపే నా ప్రోగ్రాం తెరిచాను. ట్యాంకు దగ్గర నీటిమట్టం కొలిచి పంపే పెట్టెతో కనెక్షన్ నిన్ననే తెగిపోయింది. అటు నుంచి జవాబు రాకపోతే ఏం చేయాలో కోడ్‌లో నేను రాయనే లేదు. "తర్వాత చూద్దాం" అని కోడ్ పక్కన నాకోసం ఒక కామెంట్ రాసుకొని వదిలేశాను. అందుకే స్క్రీన్ నిన్నటి అంకెనే పట్టుకొని కూర్చుంది.

వెంటనే ఎల్లప్పకు ఫోన్ చేసి మోటారు వేయమన్నాను. నెట్‌వర్క్ సమస్య అన్నాను. నా తప్పని చెప్పలేదు.

ఇప్పుడు కోడ్ సరిచేశాను. జవాబు రాకపోతే ఇక పాత అంకె చూపదు, "తెలియదు" అని చూపిస్తుంది. పొద్దున ఆ ఒక్క మాట నా నోట వచ్చి ఉంటే...

నెట్‌వర్క్ సమస్య అన్నప్పుడు ఎల్లప్ప అన్నదే చెవిలో తిరుగుతోంది. "పోనీలే సార్. మీరు అంత గట్టిగా చెప్పినాక మళ్లా ఎక్కి చూసినా. ఖాళీగానే ఉండె. నా కండ్లకే ఏమో అయింది అనుకుంటి."