వైట్‌హార్స్ మీదుగా

బర్నబీ,
2024 ఏప్రిల్ 14, ఆదివారం.

చిరంజీవి క్రిస్టోకి,

మీ ప్రేమజ్యోతి అత్తయ్య ప్రభువు పేరట నిన్నూ, మా హోప్‌నూ నిండు మనసుతో దీవించి రాస్తున్నది. ఇక్కడ నేనూ, మీ భీమారావు మావయ్యా దేవుని కృపలో కులాసాగా ఉన్నాం. ఆయన మోకాలు ఒక్కటే ఆ కృపకి లొంగడం లేదు. అక్కడ మంచు కరగడం మొదలైందా? మా వీధిలో చెర్రీపూలన్నీ వానకి రాలిపోయి కార్ల మీద అంటుకున్నాయి.

ఈ రోజుల్లో ఉత్తరమేమిటని నవ్వుకోకు. వాట్సాప్‌లో పెడితే హోప్ పైపైన విని, బొటనవేలు బొమ్మ ఒకటి పంపి ఊరుకుంటుంది. దానికి తెలుగు వినడమే గాని చదవడం రాదు కదా. అందుకని నీకు రాస్తున్నాను. దాన్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని ఒక్క ముక్క వదలకుండా చదివి వినిపించు. మధ్యలో "ఓ మై గాడ్, అత్తా!" అంటుంది. అననీ. నువ్వు మాత్రం ఆపకు.

అసలు సంగతి ఇది. ఆగస్టులో మా తమ్ముడు సత్యానందం, అంటే మీ మావగారు, మీ ఊరు వస్తున్నాడు. పక్కన మీ అత్తగారు రూతు ఉంటుంది, మేమిద్దరం ఎలాగూ ఉంటాం. వస్తున్నట్టు వాడికి తెలుసు. ఎందుకు వస్తున్నాడో మాత్రం తెలియదు. ఆ ఏర్పాటు నాది.

వాడు రిటైరైనప్పటి నుంచీ రూతు అలాస్కా ఓడ ఎక్కుదామని అడుగుతోంది. సరే, నలుగురం కలిసి వెళ్దామని క్రిస్మస్‌కి అనుకున్నాం. ఓడతో మనకి పనేం లేదు నాయనా. వాంకూవర్‌లో ఎక్కి కూర్చుంటే పొద్దున్నే ఇడ్లీ తప్ప అన్నీ పెట్టి అదే తీసుకెళ్తుంది. తలనొప్పంతా ఓడ దిగాక నేల మీద తిరిగే రోజులది. ఏ ఊళ్ళో దిగాలి, ఎటు పోవాలి, రైలా బస్సా, ఎక్కడ పడుకోవాలి, ఇవన్నీ మనమే తేల్చుకోవాలి. అందరూ ఏం చేస్తారంటే, ఓడలో చివరిదాకా వెళ్ళి డెనాలి కొండ చూసి, ఫెయిర్‌బాంక్స్ దాకా పోయి విమానంలో వచ్చేస్తారు. మీ మావగారు కూడా అదే పట్టు పట్టాడు. కొండ కోసం కాదులే. ఫెయిర్‌బాంక్స్ దగ్గర రోడ్డు పక్కనే అలాస్కా చమురు పైప్‌లైన్ కనిపిస్తుందట. ఉద్యోగమంతా కాల్గరీ ఆఫీసులో పైపుల లెక్కలు కట్టినవాడు, సెలవులో కూడా పైపే చూస్తానంటాడు!

నాకు కావలసింది వేరు. ఓడ దారిలో స్కాగ్వే దగ్గర ఆగుతుంది. అక్కడే దిగిపోయి కొండ రైలెక్కితే, బోర్డర్ దాటి ఇవతల, కెనడా వైపు ఫ్రేజర్ దగ్గర దింపుతుంది. అక్కడి నుంచి బస్సులో వైట్‌హార్స్. అంటే మీ గుమ్మం. నీ దగ్గర అమెరికా వీసా లేదు, నువ్వు అటు దాటలేవు. కాబట్టి వాళ్ళనే ఇటు దాటించాలి. ఇది నాకు జనవరిలో చర్చిలో ప్రసంగం వింటుండగా తట్టింది. ఆ రోజు పాస్టర్ గారు ఏం చెప్పారో నన్నడక్కు.

మీ ఇద్దరి సంగతీ మీ ఇద్దరికీ తెలుసు. కానీ ఆ తర్వాత మా వైపు ఏం జరిగిందో మీకు తెలియదు, అందుకే రాస్తున్నాను.

నువ్వు స్టూడెంట్‌గా దిగిన ఏడాది గుర్తుందిగా. ప్రతి విమానంలోనూ మన పిల్లలే. కాల్గరీ చర్చి భోజనాలకి కుర్చీలు చాలక, మీరంతా ప్లేట్లు పట్టుకుని గోడలకి ఆనుకుని తినేవారని రూతు చెప్పేది. పాలకొల్లు అబ్బాయి ఒకడు రూము దొరక్క తిరుగుతున్నాడని తెలిసి, మా తమ్ముడే నిన్ను కారెక్కించుకొచ్చి బేస్‌మెంట్‌లో పెట్టుకున్నాడు. ఫోన్ చేస్తే చాలు, "మా కిందింటి అబ్బాయి" అంటూ నీ కబుర్లే. నువ్వు మంచు ఎత్తావట, నువ్వు పప్పుచారు పెట్టావట, క్రికెట్ చూస్తూ ఇద్దరూ అరుచుకున్నారట.

అటువంటివాడు, మీరిద్దరూ పెళ్ళి మాట చెప్పిన ఆదివారం, "వీడికి కావలసింది నా కూతురు కాదు, దాని సిటిజన్‌షిప్" అన్నాడు. అప్పట్లో కాగితాల పెళ్ళిళ్ళ కథలు రోజుకొకటి వినేవాళ్ళం, ఆ భయం వాడి నోటి నుంచి అలా వచ్చింది. వాడి తరఫున వకాల్తా పుచ్చుకోవడం లేదు. ఆ మాట తప్పు. అప్పుడే చెప్పాను, ఇప్పుడూ చెప్తున్నాను. నువ్వు మాత్రం గొంతు పెంచలేదు. "నేనిక్కడ స్థిరపడే పీఆర్ కాగితాల మీద హోప్ సంతకం ఎప్పటికీ ఉండదు అంకుల్" అని కిందికి వెళ్ళి బట్టలు సర్దుకున్నావట. రూతు ఏడుస్తూ చెప్పింది నాకు. మా చర్చిలో మీ పెళ్ళికి తల్లిదండ్రుల స్థానంలో మేం నిలబడ్డాం. తర్వాత నువ్వు యూకాన్‌లో ఉద్యోగం వెతుక్కుని, హోప్ అక్కడి ఆసుపత్రి ల్యాబ్‌లో చేరి, ఇద్దరూ ఆ చలిలోకి వెళ్ళిపోయారు.

మీరు వెళ్ళాక వాడి బేస్‌మెంట్ కోసం ఎంతమంది పిల్లలు అడిగారో! ఎవరికీ ఇవ్వలేదు. మొన్న ఈస్టర్‌కి కాల్గరీ వెళ్ళినప్పుడు కిందికి దిగి చూశాను. హీటర్ వేసే ఉంది, గది తుడిచే ఉంది. "ఎవరికోసంరా ఇదంతా?" అంటే, "చలికి నీళ్ళ పైపులు పగులుతాయి అక్కా" అన్నాడు. మళ్ళీ పైపులే!

ఇక నా వ్యవహారం విను. వాడిని ఎదురుగా ఢీకొంటే పని జరగదని నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. అందుకని హోప్ పేరు ఎత్తకుండా వచ్చాను. మొదట డెనాలిని పడగొట్టాను. "ఆ కొండ ఎప్పుడూ మబ్బుల్లోనే ఉంటుందిరా, చాలామందికి కనపడకుండానే వచ్చేస్తారట. పైగా కొండచరియ జారి పార్కులో బస్సులు సగం దారి దాకానే పోతున్నాయి. మబ్బులు చూడ్డానికి అంత దూరం ఎందుకు? కొండలే కావాలంటే బాన్ఫ్ మీ గుమ్మంలోనే ఉందిగా" అన్నాను. "ఆలోచిస్తాను" అన్నాడు. మరో వారం మావయ్య మోకాలిని అడ్డు పెట్టాను. అంత దూరం బస్సుల్లో కూర్చోలేరని, కొండ రైలైతే సుఖమని. మావయ్య పక్కనే ఉండి, నేను సైగ చేయగానే అమ్మా అని మూలిగారు. కొంచెం ఎక్కువే మూలిగారు. మీ మావగారు కంగారుపడి ఫిజియోథెరపీ గురించి మాట్లాడ్డం మొదలుపెట్టాడు.

పైప్‌లైన్ మాత్రం వదల్లేదు. ఈస్టర్ భోజనాలయ్యాక మ్యాప్ తెచ్చి టేబుల్ మీద పరిచి, "ఇదిగో ఫెయిర్‌బాంక్స్" అన్నాడు. నేను స్కాగ్వే మీద వేలు పెట్టి పైకి జరిపాను. రూతు గిన్నెలు సర్దుతున్నది సర్దుతున్నట్టే ఆగిపోయింది. నా వేలు వైట్‌హార్స్ దగ్గర ఆగింది. వాడు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. చాలాసేపు తుడుచుకున్నాడు. తర్వాత, "ఆగస్టులో అక్కడ చలి ఎంత ఉంటుంది అక్కా?" అన్నాడు. అంతే! గెలిచానని నాకు అక్కడే తెలిసిపోయింది. "స్వెటర్ చాలు" అన్నాను. "సరే, నీ ఇష్టం" అని మ్యాప్ మడిచేశాడు. ఆ ఊళ్ళో ఎవరున్నారో వాడూ అనలేదు, నేనూ అనలేదు. కూతురున్న ఊరు తెలియనివాడేం కాదు. కానీ నేను రైలు కోసమే లాక్కెళ్తున్నానని నమ్మాడు.

ఇప్పుడు మీ వంతు. వైట్‌హార్స్‌లో నది పక్కన హోటల్ చూడమని ట్రావెల్ ఆఫీసులో చెప్పాను. మా ప్రయాణాలన్నీ చూస్తున్నది అక్కడ పనిచేసే ధరణి అనే అమ్మాయి. నీలాగే స్టూడెంట్‌గా వచ్చింది, చురుకైన పిల్ల. మేం దిగిన మర్నాడు పొద్దున్న మీ మావగారిని నది ఒడ్డుకి నడకకి తీసుకొస్తాను. మీరిద్దరూ ఎదురు రండి. అనుకోకుండా కలిసినట్టు ఉండాలి. హోప్‌కి నటన రాదు, దాన్ని కాఫీ కప్పు పట్టుకుని నిలబడమను, చాలు. నువ్వు "వందనాలు అంకుల్" అను. ఇంకేం అనకు. మిగతాది నేను చూసుకుంటాను. అక్కడి నుంచి డాసన్ సిటీకి కారు మాట్లాడాను, అందులో ఆరుగురు పడతారు. ఎందుకంత పెద్దదని వాడు అడగలేదు, మావయ్య మోకాలు చాపుకోవడానికనుకుని ఉంటాడు. మీరు సెలవు ఇప్పుడే పెట్టండి.

ఇంకొక్క సంగతి, గంభీరంగా చెప్తున్నాను. మార్చిలో మీ ఇంటికి వచ్చినప్పుడు నువ్వు పీఆర్ వచ్చిందని కార్డు చూపించావు. సొంత ఉద్యోగం మీద, సొంత కష్టంతో, హోప్ స్పాన్సర్ చేయకుండానే తెచ్చుకున్నావు. నేను ఎగిరి గంతేసి వాడికి ఫోన్ చేయబోతే నా చెయ్యి పట్టుకుని ఆపావు. "చెప్పొద్దు అత్తయ్యా. కార్డు చూసి నన్ను ఒప్పుకుంటే, ఆయన ఒప్పుకున్నది కార్డునే" అన్నావు. అప్పుడు నాకు కోపం వచ్చింది, ఇదేం పంతమని. విమానంలో తిరిగొస్తుంటే అర్థమైంది. నీ మాట నిలబెట్టాను నాయనా. వాడితో పీఆర్ ఊసే ఎత్తలేదు. వాడి నోటితో వాడు నిన్ను పిలవాలి. పిలుస్తాడు. నేనున్నాను కదా.

హోప్ తనకి రక్తం తక్కువగా ఉందని రూతుతో అన్నదట, ఆకుకూరలు తినమను. అక్కడ గోంగూర దొరకదని నాకు తెలుసు, మావయ్య పెరట్లో విత్తనాలు వేస్తున్నారు. పచ్చడి చేసి ఓడలో నాతో తెస్తాను. బోర్డర్‌లో ఆపితే వాళ్ళకీ కొంచెం పెడతాను.

ప్రభువు మీ ఇద్దరినీ, మీ రాకపోకలనూ కాపాడుగాక.

మీ మేలు కోరే,
అత్తయ్య
ప్రేమజ్యోతి

తా.క. కవరు అంటించబోయేముందు హోటల్ పేరు నీకు రాద్దామని ధరణికి ఫోన్ చేశాను. ఆదివారమైనా పాపం ఎత్తింది. వైట్‌హార్స్ హోటల్ ఏదమ్మా అంటే నీళ్ళు నమిలింది. "బుక్ చేయలేదాంటీ" అన్నది. ఎందుకు చేయలేదని కేకలేశాను. అప్పుడు బయటపెట్టింది.

మీ మావగారు న్యూ ఇయర్ అయిన వారంలోనే, నాకు ఈ ఆలోచన రాకముందే, వాళ్ళ ఆఫీసుకి ఫోన్ చేశాడట. ఓడ గురించి కాదు, ముందు వైట్‌హార్స్ ఎలా వెళ్ళాలో చెప్పమన్నాడట. కొండ రైలు వాడు అడిగిందే. ఫెయిర్‌బాంక్స్ పేరు వాళ్ళ దగ్గర ఒక్కసారి కూడా ఎత్తలేదట. "మా అక్క ఎలాగూ ఇదే దారి పట్టిస్తుంది. ఆవిడే ఒప్పించిందనుకోనీ. నా అంతట నేను వెళ్తానని చెప్పడానికి నాకు మొహం చెల్లడం లేదమ్మా" అన్నాడట. విన్నావా! ఇన్నాళ్ళూ నేను వాడిని తిప్పుతున్నాననుకున్నాను. మావయ్య అనవసరంగా మూలిగారు.

నీ పీఆర్ సంగతి వాడికి ఇప్పటికీ తెలియదు. ధరణికీ తెలియదు. ఆ పిల్ల మర్యాదకి, మీ నలుగురికీ హోటల్ రూములు ఎలాంటివి కావాలి సార్ అని అడిగితే, వాడన్న మాట ఉన్నదున్నట్టు రాస్తున్నాను. హోప్‌కి రెండుసార్లు చదివి వినిపించు.

"అక్కడ హోటల్ ఎందుకమ్మా? మా అమ్మాయి, అల్లుడు ఉన్నారు."

నది ఒడ్డు నాటకం మానేయండి. పక్కగది ఖాళీ చేసి, నలుగురు పడుకునే ఏర్పాటు చూడండి.